ఎర్రనీళ్ళ కబుర్లు

జూన్ నెలాఖరు వచ్చిందంటే రాజమండ్రిలో పలకరింపులు మారిపోతాయి. బాగున్నారా, భోంచేశారా అన్నవి వెనక్కిపోయి, "ఎర్రనీళ్ళు దిగాయటండీ, చూశారా?" అన్నది ముందుకొస్తుంది. వేసవంతా తేటగా, కాస్త బద్ధకంగా, అక్కడక్కడా ఇసుక మేటలు చూపిస్తూ పడున్న గోదావరి, పైన అడవుల్లో నాలుగు వానలు పడేసరికి రంగు తిరిగిపోతుంది. పొంగింది శబరా, ఇంద్రావతా, ప్రాణహితా అన్నది నీళ్ళ రంగు చూసి చెప్పేస్తామనే పెద్దలు గట్టు మీద ఎప్పుడూ ఉంటారు. నిజానిజాలు ఆ గోదారమ్మకే తెలియాలి గానీ, వాళ్ళ ధీమా చూస్తే మాత్రం నమ్మెయ్యాలనిపిస్తుంది.

ఈ రెండు మూడు నెలలూ ఊళ్ళో అందరూ ఇంజనీర్లే. మంగలి షాపులో, టీ కొట్టు దగ్గర, కూరగాయల బండి దగ్గర కూడా లక్షల క్యూసెక్కుల లెక్కే. ముందు భద్రాచలం సంగతి అడుగుతారు. అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీళ్ళు ఇక్కడికి దిగడానికి రమారమి ఒక రోజు. ఇక్కడ లెక్క ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర చూస్తారు. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. పేపర్లో దశాంశాలు వేస్తారు గానీ నోటితో మాత్రం "పదకొండూ ముప్పావు" అనే అంటారు.

ఎవరితో మాట మొదలెట్టినా చివరికి ఎనభయ్యారుకి చేరాల్సిందే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం మీదుగా 35 లక్షల క్యూసెక్కులు పోయాయి. కింద గట్లు తెగి కోనసీమ ఊళ్ళకి ఊళ్ళే మునిగాయి. అది చూసినవాళ్ళకి తరవాత వచ్చిన ఏ వరదా ఆనదు. 2022లో పెద్ద వరద జూలైలోనే వచ్చి, భద్రాచలంలో 71 అడుగులు, ధవళేశ్వరంలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఊరంతా గుండెలు చిక్కబట్టుకుని చూస్తుంటే, నా పక్కనే నిలబడ్డ పెద్దాయన ఒకరు "ఇదేం వరదండీ, ఎనభయ్యారులో అయితేనా..." అని పెదవి విరిచారు.

రాజమండ్రి చూడ్డానికి జనం సాధారణంగా పుష్కరాలకి వస్తారు. లేదంటే శీతాకాలంలో పాపికొండలు వెళ్తూ దారిలో దిగి, లాడ్జిలో పడుకుని, పొద్దున్నే బస్సెక్కేస్తారు. నన్నడిగితే ఊరు చూడాల్సింది ఈ ఎర్రనీళ్ళ రోజుల్లోనే. ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ అని పాయలైపోయే నది, ఇక్కడ మాత్రం అఖండ గోదావరి. అవతల కొవ్వూరు ఒడ్డు సన్నటి గీతలా ఉంటుంది. వాన మబ్బు పట్టిందంటే ఆ గీత కూడా చెరిగిపోయి, గట్టు మీద నిలబడ్డవాడికి ఎదురుగా నీళ్ళు తప్ప ఏమీ కనిపించవు. ఈ రోజుల్లో నదే ఊరి మీదికి వస్తుంది, మనం వెతుక్కుంటూ వెళ్ళక్కర్లేదు.

గట్టు అన్నాను కదా, ఊళ్ళో ఎవరైనా "అలా గట్టు మీదికెళ్ళొస్తా" అంటే గోదావరి గట్టనే అర్థం. ఊరిని వరద నుంచి కాపాడ్డానికి వేసిన కట్ట ఇది. దాని మీద రోడ్డు, రోడ్డు పక్కన గుళ్ళు, గుళ్ళ మధ్యలో ఘాట్లు, ఘాట్ల మధ్యలో జాగా దొరికిన చోటల్లా పార్కు. పార్కంటే బ్రహ్మాండంగా ఊహించుకోకండి. సిమెంటు బెంచీలు, నాలుగు గన్నేరు చెట్లు, పిల్లల జారుడుబల్ల, నది వైపు రెయిలింగు. అంతే. కానీ సాయంత్రం అయిదున్నర దాటాక ఆ బెంచీ మీద చోటు దొరికితే అదృష్టవంతులు. పొద్దున నడకవాళ్ళది, మధ్యాహ్నం కాలేజీ ఎగ్గొట్టినవాళ్ళది, సాయంత్రం కుటుంబాలది. రిటైరైనవాళ్ళు మాత్రం మూడు పూటలా ఉంటారు. వాళ్ళకి బెంచీలు కూడా పంచుకున్నట్టే ఉంటాయి. ఒకరి బెంచీలో ఇంకొకరు కూర్చోరు.

ఈ సీజన్‌లో గట్టు మీద తిండికి లోటుండదు. బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు తిప్పుతూ, విసనకర్రతో విసురుతూ, మధ్యలో నిమ్మచెక్క ఉప్పూ కారంలో ముంచి రాసే ఆవిడ చేతి వేగం చూడాలి. పక్కనే మిరపకాయ బజ్జీ. నూనెలోంచి తీసి, నిలువునా చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మరసం పిండి, పాత పేపరు ముక్కలో పెట్టిస్తారు. చినుకు మొదలైతే గొడుగు బజ్జీల బాండీకి పట్టి, తాము తడుస్తారు. నూనెలో చినుకు పడితే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు మరి.

అసలు వినోదం ఘాటు దగ్గర. వరద ఎంతొచ్చిందో చెప్పడానికి మాకు కొలబద్దలక్కర్లేదు, మెట్లు చాలు. "నిన్న పదమూడు మెట్లు కనిపించాయి, ఇవాళ తొమ్మిదే." ఈ లెక్క అందరికన్నా బాగా తెలిసింది పురోహితులకి. పుష్కర ఘాటులో ఒక్కో పురోహితుడికీ ఒక చెక్కబల్ల, ఒక పెద్ద గొడుగు, రాగి చెంబు, దర్భలు పెట్టుకునే సంచీ ఉంటాయి. నీళ్ళు ఎక్కేకొద్దీ ఆ బల్లలూ గొడుగులూ మెట్టు మెట్టుగా పైకి జరుగుతాయి. పితృకార్యానికి వచ్చినవాళ్ళు వెనక్కి పోరుగా! సంకల్పం చెబుతూనే ఆయన ఒక కంట నీళ్ళని చూస్తుంటాడు. ఒకసారి మంత్రం మధ్యలో, స్వరం కూడా మార్చకుండా, "బాబూ ఆ చెప్పులు పైన పెట్టుకోండి" అనేసి మళ్ళీ గోత్రనామాల్లోకి వెళ్ళిపోయాడు. కర్త గారు అది కూడా మంత్రమనుకుని తిరిగి చెప్పబోయారు.

నీళ్ళు మరీ పెరిగితే పోలీసులు తాళ్ళు కట్టేస్తారు. అప్పుడు స్నానం లేదు. బకెట్లతో తోడి పోస్తారు, లేదా నెత్తిన చల్లుకుని దండం పెట్టుకోవడమే. సాయంత్రం హారతి చూడొచ్చు. పెద్ద పెద్ద దీపపు సెమ్మెలు ఒక్కసారి లేచేసరికి ఎర్రనీళ్ళ మీద ఆ వెలుగు రాగి రంగులో కదులుతుంది. తేటనీళ్ళ మీద పడే వెలుగు వేరు, ఇది వేరు. ఫోన్లు ఎత్తి పట్టుకున్న చేతుల మధ్యలోంచే చూడాలనుకోండి, అయినా బాగుంటుంది. జనం గొడవ వద్దనుకుంటే కోటిలింగాల ఘాటుకి వెళ్ళండి. పొడుగాటి మెట్ల వరస, కోటిలింగేశ్వరుడి గుడి, మామూలు రోజుల్లో మనుషులు పలచగా ఉంటారు. అదే నది, అవే నీళ్ళు.

వరద అందరికీ వేడుక కాదు. వంతెనల దగ్గర నది మధ్యలో లంకలున్నాయి. బ్రిడ్జిలంక, కేతావారిలంక, వెదుర్లమ్మలంక. అక్కడ ఉండేవాళ్ళు చేపలు పట్టుకుంటారు, కూరగాయలు పండిస్తారు. హెచ్చరిక రాగానే పడవల మీద గేదెల్నీ కోళ్ళనీ గ్యాసు బండల్నీ ఎక్కించుకుని ఊళ్ళోకి వచ్చేస్తారు. ఏదో కల్యాణ మండపంలోనో, బడిలోనో చోటిస్తారు. పెళ్ళిళ్ళు జరిగే హాల్లో చాపలు పరుచుకుని, తమ లంక ఏమైందోనని గట్టు మీదికి వచ్చి చూసుకునే ఆ మనుషుల పక్కనే, మనం బజ్జీలు తింటూ "అబ్బ, ఎంత బాగుందో" అంటుంటాం. ఒకావిడతో మాట కలిపితే, "మా పాక కప్పు కనబడతందండీ, అదిగో. అది కనబడినంతసేపూ ఫరవాలేదండి" అని చెయ్యి చాపి చూపించింది. నాకైతే కొమ్మలూ నురగా తప్ప ఏమీ కనబడలేదు.

ఇక చేపల సంగతికి రాకపోతే చదువుతున్నవాళ్ళు ఊరుకోరు. పులస! సముద్రంలోంచి గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుకుంటూ ఎర్రనీళ్ళలోకి వచ్చే చేప. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత పుట్టించినవాళ్ళు ఏ ధర చూసి పుట్టించారో గానీ, ఇప్పటి ధరకి పుస్తెలు కూడా చాలవు. యానాం వేలంలో ఒక్క చేప 20 వేలు దాటిందని ప్రతి ఏడూ పేపర్లో ఫోటో వేస్తారు. అసలే చేప తగ్గిపోయింది. పైకి వెళ్ళే దారికి బ్యారేజీ అడ్డం, పడే వలలు ఎక్కువ. అందుకని బజారులో పులస పేరుతో అమ్మేదాంట్లో చాలా వరకు ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ ఐసు పెట్టెల్లో దిగినదే. అదీ ఆ జాతి చేపే, కాని గోదావరి నీళ్ళు తాగినది కాదు. ఇది నిజంగా గోదారి పులసేనా అని గుచ్చి అడిగితే, బోసి నోటి ముసలామె ఒకత్తి "తిన్నాక నువ్వే సెప్పమ్మా" అంది. అంతకన్నా తెలివైన జవాబు నేనింతవరకు వినలేదు.

వండే పద్ధతి మీద కూడా పంతాలున్నాయి. మట్టి దాకలో, సన్నని సెగ మీద, చింతపులుసు, బెండకాయలు, పచ్చిమిరపకాయలు, చివర్లో కాసిని ఆవకాయ నూనె. గరిటె పెట్టి తిప్పకూడదు, దాకనే పట్టుకుని కుదపాలి. వండిన రోజు తినేవాడు తొందరపాటు మనిషి. మర్నాటికి ముళ్ళు మెత్తబడి పులుసు దిగుతుంది, అప్పుడూ రుచి. మాంసాహారం ముట్టనివాళ్ళు చిన్నబుచ్చుకోనక్కర్లేదు, వాళ్ళకి వాక్కాయలున్నాయి. ఈ వానల్లోనే వస్తాయి, గులాబీ రంగు చెక్కిళ్ళతో బుట్టల్లో. వాక్కాయ పప్పు, వాక్కాయ పులిహోర. గింజ తీసే ఓపికుంటేనే కొనండి. నా వరకు పులస కన్నా వాక్కాయ పప్పుకే ఓటు, కోప్పడేవాళ్ళు కోప్పడండి.

ఆషాఢం కబురు ఒకటి మిగిలిపోయింది. కొత్త కోడళ్ళు పుట్టింట్లో ఉండే నెల కదా, వియ్యాలవారి మధ్య కావిళ్ళు తిరుగుతాయి. ఒకప్పుడు కావిడి అంటే బిందెడు సున్నుండలు, చక్కిలాలు, అరిసెలు, నాలుగు చీరలు. ఇప్పుడు లారీల్లో వెళ్తున్నాయి. ఆ మధ్య రాజమండ్రి నుంచి యానాం వియ్యాలవారికి చేపలూ రొయ్యలూ కోళ్ళూ కూరగాయలూ పచ్చళ్ళూ మిఠాయిలూ వాహనాల వరసలో వెళ్తే టీవీలన్నీ చూపించాయి. నవ్వొచ్చిన మాట నిజమే గానీ, పిల్లనిచ్చిన మిగతా తండ్రుల గుండెల్లో ఆ రోజు ఏం పడిందో తలుచుకుంటే నవ్వు ఆగిపోతుంది. బట్టల సంగతంటారా, తాడితోట బట్టల మార్కెట్టులో ఆషాఢం తగ్గింపులకి తోసుకోవడానికి చోటుండదు. శ్రావణమాసం వరలక్ష్మీ వ్రతానికి కావలసిన చీర ఆషాఢంలోనే కొని దాచుకోవడం తెలివైన ఇల్లాలి లక్షణమని మా వాళ్ళ నమ్మకం.

వ్రతం పేరెత్తితే పువ్వులు, పువ్వులంటే కడియం. ఊరికి కూతవేటు దూరం. కడియం, కడియపులంక చుట్టుపట్ల వందలాది నర్సరీలు కాలవ వెంబడే వరసగా ఉంటాయి. మొక్క నాటే కాలం ఇదే కాబట్టి ఏ రోడ్డు చూసినా మొక్కలెక్కించే లారీలే. సంచిలో మట్టి నింపేవాళ్ళు, అంటు కట్టేవాళ్ళు, తలమీద ట్రేలు మోసేవాళ్ళు, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. పూల మార్కెట్టు మాత్రం తెల్లవారుజామునే చూడాలి. శ్రావణ శుక్రవారం ముందు రోజు చామంతి ధర చెప్పేవాడి ముఖంలో ఒక రకమైన ప్రశాంతత కనిపిస్తుంది. బేరమాడితే వినిపించుకోడు కూడా.

పాపికొండలు అడుగుతారేమో. వరద రోజుల్లో బోట్లు ఆపేస్తారు, ఆపెయ్యాలి కూడా. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర వరద నీటిలోనే బోటు మునిగి ఎన్ని ఇళ్ళు చీకటయ్యాయో ఎవరూ మరిచిపోలేదు. ఎవరైనా "మేం తీసుకెళ్తాం రండి" అంటే వెళ్ళకండి. కార్తీకం దాకా ఆగితే నదే పిలుస్తుంది.

దానికి బదులు ధవళేశ్వరం వెళ్ళండి. ఆటోలో వెళ్ళొచ్చు, ఊరికి ఆనుకునే ఉంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది తరవాత కట్టిన బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు, మొత్తం 175 గేట్లు. పెద్ద వరదొస్తే అన్నీ ఎత్తేస్తారు. పైన వంతెన మీద నిలబడితే కాళ్ళ కింద సన్నగా అదురు తెలుస్తుంది. మాట్లాడితే పక్కవాడికి వినపడదు. ఒడ్డున కాటన్ మ్యూజియం, దాని చుట్టూ తోట, ఆనకట్ట పనుల్లో వాడిన పాత ఇనుప యంత్రాలు చెట్ల కింద వరసగా నిలబెట్టి ఉంటాయి. పిల్లలు వాటి మీదెక్కి ఊగుతుంటారు. ఆనకట్టకి ముందు ఈ నేల కరువుతో, తుఫానుతో అల్లాడిందన్నది లోపలి బొమ్మలు చూస్తే అర్థమవుతుంది. మే 15న ఆయన పుట్టినరోజుకి రైతులు దండలు వేస్తారు. స్నాన సంకల్పంలో కాటన్ పేరు కలిపి చెప్పిన పురోహితుల కథ ఇక్కడ ప్రతి ఇంట్లోనూ చెబుతారు. తెలుగువాళ్ళని యాభై ఏళ్ళు నవ్వించిన ముళ్ళపూడి వెంకటరమణ పుట్టిందీ ఈ ధవళేశ్వరంలోనే.

ముసురు పట్టి బయట తిరగలేని రోజు ఒకటి ఎలాగూ తగులుతుంది. ఆ రోజుకి ఊళ్ళో చోట్లున్నాయి. గట్టు రోడ్డు మీదే రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం, శిల్పాలూ నాణేలూ తాళపత్రాలూ. గౌతమీ గ్రంథాలయం, పాత పుస్తకం వాసన పీల్చే జబ్బున్నవాళ్ళకి మందు. కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్ళోనే ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు, ఊరు సగం ఆయన మీదికి లేచింది. ఇప్పుడు అదే ఊళ్ళో ఆయన విగ్రహానికి దండలు.

వీటన్నిట్లో నేను ఎవర్నైనా చెయ్యిపట్టుకుని లాక్కెళ్ళేది మాత్రం దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి. గోదావరి స్టేషనుకి దగ్గర్లో చిన్న భవనం. రామారావు 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయాడు. ముప్పై కూడా నిండలేదు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ఈ కుర్రాడి చేతిలో ఏముందో పసిగట్టి, బొంబాయి జె.జె. స్కూలు దారి చూపించాడు. అడవి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. బొంబాయి నుంచి వచ్చి రామారావు ఇక్కడే చిత్రకళకి ఒక బడి పెట్టాడు. గోడల మీద ఆయన బొమ్మల్లో ఆడవాళ్ళు నీళ్ళు మోస్తుంటారు, జడలో పూలు తురుముకుంటుంటారు. ఎవరూ మన వైపు చూడరు. వాళ్ళ పనిలో వాళ్ళుంటారు. ఆ భుజం వంపూ ఆ చీర అంచూ దగ్గరికెళ్ళి చూడండి. ఎంత సన్నటి గీత! చాలాసార్లు ఆ గదుల్లో నేనూ కాపలా మనిషీ తప్ప ఎవరూ ఉండరు. ఊరికొచ్చిన వెయ్యిమందిలో పదిమంది తొంగిచూసినా సంతోషిద్దును. బయటికొచ్చాక నోరు తీపి చేసుకోవాలంటే రోజ్ మిల్క్ ఉంది, చిక్కగా, మీగడ తరకతో. వానలో చల్లటిదేమిటని అడక్కండి, మా ఊళ్ళో వానాకాలంలో కూడా ఉక్కపోతే.

ఇప్పుడు వంతెనల మాట. గోదావరి స్టేషను దగ్గర గట్టెక్కితే ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. 1974లో వచ్చిన రైలూ రోడ్డూ కలిసిన వంతెన, కింద రైలు, పైన బస్సులు. దానికి ముందు రైలెక్కకుండా కొవ్వూరు వెళ్ళాలంటే లాంచీయే. తొంభైల్లో కట్టిన ఆర్చి వంతెన, సినిమాల్లో మీరు చూసేది అదే, 28 విల్లులు. పైన ఎక్కడో 2015లో వచ్చిన నాలుగో వంతెన, హైవే వాళ్ళది. వీటన్నిట్లో వయసులో పెద్దది హేవలాక్ వంతెన. 1897లో మొదలై 1900లో రైళ్ళు ఎక్కాయి. 56 స్పాన్లు, రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు ఇనుము, రాతి స్తంభాలు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. దాదాపు వందేళ్ళు హౌరా మెయిలుతో సహా అన్నిటినీ మోసి, 1997లో విశ్రాంతి తీసుకుంది. అప్పట్నుంచీ ఊరికే నిలబడి ఉంది. ఎనభయ్యారు వరదకి చలించని స్తంభాలు.

వంతెన మీద రైలు వెళ్తుంటే కిటికీలోంచి చిల్లర విసరడం అందరికీ తెలుసు. ఆ చిల్లర ఎక్కడికి పోతుందో తెలుసా? నీళ్ళు తగ్గిన రోజుల్లో కుర్రాళ్ళు తాడుకి పెద్ద అయస్కాంతం కట్టి, పడవలోంచి అడుగున ఈడుస్తారు. రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు ఉక్కువి కాబట్టి గుత్తులు గుత్తులుగా అతుక్కొస్తాయి. పాతకాలపు రాగి కానీలు అయస్కాంతానికి చిక్కవు, అవి గోదావరికే. వరద రోజుల్లో ఆ పని కుదరదు, కాబట్టి ఇప్పుడు వేసిన రూపాయి కొన్నాళ్ళు నిలుస్తుందని భక్తులు సంతోషించవచ్చు.

2027లో మళ్ళీ పుష్కరాలు. ఘాట్లు తవ్వుతున్నారు, కొలుస్తున్నారు, గట్టు మీద ఎక్కడ చూసినా ఇటుకలూ ఇసుకా. 2015 పుష్కరాల మొదటి రోజు పొద్దున్నే ఒక్క పుష్కర ఘాటుకే అందరూ ఎగబడి పాతిక మందికి పైగా తొక్కిసలాటలో పోయారు. ఆ రోజు కోటిలింగాల రేవులో నీళ్ళు లేక కాదు. ఈసారి వచ్చేవాళ్ళు ఇప్పుడే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఫలానా ఘాటు, ఫలానా ముహూర్తం అని పట్టుబట్టకండి. పన్నెండు రోజులూ పుష్కరమే, ఏ రేవైనా గోదావరే.

హేవలాక్ వంతెనని నడకదారి చేస్తామని నాకు తెలిసి చాలా ప్రభుత్వాలు అన్నాయి. 2025 జూన్‌లో 94 కోట్ల చిల్లర అంచనాతో అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన జరిగింది, అందులో ఈ వంతెన కూడా ఉంది. మంచిదే. పని చేసే పెద్దలకి ఊరివాళ్ళ తరఫున మూడు విన్నపాలు. అద్దాల వంతెనలు, రంగు దీపాల తోరణాలు, సెల్ఫీ బొమ్మలు తరవాత చూసుకోవచ్చు. ముందు ఎండా వానా ఆపే కప్పు, పది స్పాన్లకి ఒకచోటైనా కూర్చునే బెంచీ, మంచినీళ్ళ కుళాయి పెట్టండి. మరుగుదొడ్లు రెండు చివర్లా కట్టండి, ఒక చివర కట్టి సరిపెట్టకండి. టిక్కెట్టు పెట్టేటట్టయితే లంకల్లో ఉండేవాళ్ళకీ, గట్టు మీద మొక్కజొన్న పొత్తులమ్మే ఆవిడకీ అందేటట్టు పది రూపాయలు దాటనివ్వకండి.